గురుపట్టం, మనస్సాక్షి, మాట: స్వలింగ సాహచర్యంలోని గురువుల వివాదం – తెలుగు ప్రొటెస్టంటు సంఘాల చారిత్రక నేపథ్యం

వ్యాససంగ్రహం

స్వలింగ సాహచర్యంలో స్థిరపడిన వ్యక్తి క్రైస్తవ గురువుగా కొనసాగవచ్చునా అన్న ప్రశ్న కొన్ని దశాబ్దాలుగా ప్రపంచ ప్రొటెస్టంటు సంఘాలలో తీవ్ర వాదోపవాదాలకు కారణమవుతోంది. తెలుగునాట దీనిని పరాయి దేశాల ప్రశ్నగా భావించడం పరిపాటి. అయితే ‘ఎవరి పరిచర్య చెల్లుతుంది?’ అన్న మూలప్రశ్నను తెలుగు సంఘాలు 1947లోనే ఎదుర్కొన్నాయి. దానికి మనస్సాక్షి ఆధారంగా ఒక పరిష్కారాన్నీ వెతుక్కున్నాయి. పెద్దపల్లి బొగ్గుగని ప్రాంతపు సంఘాలకు సంక్రమించిన వారసత్వాలను ఆధారం చేసుకొని ఆ అనుభవాన్ని, 2009 నాటి అమెరికా లూథరన్ నిర్ణయాన్ని, తెలుగు బైబిలు పదజాలం ఈ చర్చకు విధించిన పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దక్షిణ ఇండియా సంఘం, డోర్నకల్, నంద్యాల, ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, గురుపట్టం, స్వలింగ సాహచర్యం, బైబిలు అనువాదం.

బొగ్గు దారి వెంట వచ్చిన సంఘాలు

పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి విడివడింది. పాలనాపరమైన ఈ విభజన సంఘ పాలనకు వర్తించలేదు. ఇక్కడి దక్షిణ ఇండియా సంఘపు ఆలయాలు 1978లో ఏర్పడిన కరీంనగర్ అధ్యక్ష మండలం కిందనే ఉన్నాయి. ఈ సంఘానికి రెండు వారసత్వాలున్నాయి. ఒకటి ఆంగ్లికన్, రెండవది వెస్లియన్ మెథడిస్టు. విశేషమేమంటే, మొదటిదానికీ బొగ్గుకూ దగ్గరి చుట్టరికం ఉంది.

భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. ఆ బొగ్గును తరలించడానికి వేసిన రైలుమార్గం ప్రధాన మార్గాన్ని కలిసే కూడలి డోర్నకల్. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించుకొన్న ఇండియన్ మిషనరీ సొసైటీ నిజాం రాజ్యంలో తన సేవాక్షేత్రంగా ఆ ప్రాంతాన్నే ఎంచుకొంది. ఆ సొసైటీ స్థాపకులలో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘ చరిత్రలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. బొగ్గు బండ్లు మళ్లే ఊరు ఒక అధ్యక్ష పీఠమైంది. మరోవైపు వెస్లియన్ మిషనరీలు మెదక్, కరీంనగర్ ప్రాంతాలలో పనిచేశారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ ఆలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది.

గోదావరిఖని వీటన్నిటికంటే చిన్నది. సింగరేణి కంపెనీ రామగుండం ప్రాంతంలో గనులు తెరిచిన తరువాత, 1960వ దశకం నుంచి వేర్వేరు జిల్లాల కార్మికులు ఇక్కడికి చేరారు. వేర్వేరు మిషన్ల వారసత్వం గల కుటుంబాలు కంపెనీ క్వార్టర్లలో ఇరుగుపొరుగయ్యాయి. గుంటూరు సీమలో లూథరన్లుగా, పాలమూరు సీమలో బాప్టిస్టులుగా, కరీంనగర్ సీమలో మెథడిస్టులుగా మిషన్లు పంచుకొన్న సరిహద్దులకు గని కాలనీలో అర్థం మిగలలేదు. వీటికి తోడు ఏ సినడుకూ లోబడని స్వతంత్ర ప్రార్థనా మందిరాలు వెలిశాయి. ఈ చివరి అంశం ప్రస్తుత చర్చకు ముఖ్యమైనది. గురువు యోగ్యతపై వివాదం పుట్టాలంటే దానిని తేల్చే సభ ఒకటి ఉండాలి. స్వతంత్ర మందిరంలో పాస్టరే సభ. అక్కడ వివాదానికి బదులు మౌనమో నిష్క్రమణో ఉంటుంది. కనుక ఈ వ్యాసపు దృష్టి సినడు గల సంఘాలకు పరిమితం.

నంద్యాల అభ్యంతరం

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలూ, కాంగ్రెగేషనల్–ప్రెస్బిటీరియన్ సంప్రదాయాలను అప్పటికే కలుపుకొన్న దక్షిణ ఇండియా ఐక్య సంఘమూ అందులో ఒక్కటయ్యాయి. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నుంచి దీనికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. దైవత్వం, రక్షణ, బైబిలు ప్రామాణ్యం వంటి విషయాలలో ఆ సంఘాల మధ్య పెద్ద పేచీ లేదు. చిక్కంతా గురువు దగ్గర వచ్చింది. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని మెథడిస్టు గురువు ప్రభురాత్రి భోజనపు బల్ల వద్ద నిలబడితే ఆ సంస్కారం చెల్లుతుందా అన్నదే ఆంగ్లికన్ల అభ్యంతరం.

ఇందుకు కనుగొన్న ఉపాయం రెండు భాగాలుగా ఉంది. ఐక్యత తరువాత జరిగే అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగానే జరుగుతాయి. అప్పటికే గురువులుగా ఉన్నవారు మాత్రం మళ్లీ అభిషేకం పొందనక్కరలేదు, ముప్పై ఏళ్ల సంధికాలంలో ఇరు తెగల వారూ ఒకే సంఘంలో పరిచర్య చేస్తారు. రెండవది ప్రతిజ్ఞగా ప్రసిద్ధి పొందిన నిబంధన. ఏ స్థానిక సంఘానికైనా మనస్సాక్షి అంగీకరించని పరిచర్యను గాని, ఆరాధనా విధానాన్ని గాని దాని మీద బలవంతంగా రుద్దకూడదన్నది దాని సారాంశం. ఏకాభిప్రాయం కుదిరిన తరువాత ఐక్యత అనే క్రమాన్ని ఈ ఉపాయం తలకిందులు చేసింది. ముందు కలిసి బతకడం, భేదాభిప్రాయాన్ని కాలానికి వదలడం అన్నది దాని పద్ధతి.

ఇంగ్లండులో దీనికి తీవ్ర ప్రతిఘటన ఎదురైంది. కవి టి.ఎస్. ఎలియట్ 1943లోనే ఈ పథకాన్ని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. తెలుగు విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలలో ఆధునికతకు ప్రతినిధిగా కనిపించే ఆ కవి, డోర్నకల్ మెథడిస్టు గురువు అభిషేకం విషయంలో ఎంత సంప్రదాయవాదో గమనించిన సాహిత్య విద్యార్థులు తక్కువ. 1948 లాంబెత్ సమావేశంలో దక్షిణ ఇండియా సంఘపు కొత్త బిషప్పులనూ గురువులనూ నిజమైనవారిగా గుర్తించడంపై ఆంగ్లికన్ బిషప్పులు రెండుగా చీలారు. అధిక సంఖ్యాకులు గుర్తించాలన్నారు. గణనీయమైన అల్పసంఖ్యాకులు అప్పుడే వీలుకాదన్నారు. అంటే ఒకప్పుడు ప్రపంచ ఆంగ్లికన్ సమాజం దృష్టిలో సందేహాస్పదమైన గురువులు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ సంఘాల గురువులే. ఈ వాస్తవాన్ని పక్కన పెట్టి, ఇతరుల గురుపట్టంపై తీర్పరులుగా మాత్రమే తెలుగు సంఘాలను చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు.

తెలుగునాట ప్రతిఘటన నంద్యాలలో వచ్చింది. ఎస్.పి.జి. మిషను ప్రభావంలో పెరిగిన అక్కడి ఆంగ్లికన్లు డోర్నకల్ మండలానికి చెందినవారే అయినా, అధికసంఖ్యలో కొత్త సంఘంలో చేరడానికి నిరాకరించి కలకత్తా మెట్రోపాలిటన్ అధీనంలో ఉండిపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలమైంది. 1970ల మధ్యలో గాని అది దక్షిణ ఇండియా సంఘంలో కలవలేదు. దాదాపు ఒక తరం పట్టింది. వారి నిరాకరణను మొండితనంగా కొట్టివేయడం సులభం. కాని ఆ విశ్వాసుల దృష్టిలో అది లాంఛనానికి సంబంధించిన తగాదా కాదు. చెల్లని గురువు చేతి రొట్టె రొట్టెగానే మిగులుతుందన్న భయం. ఆ భయాన్ని గౌరవిస్తూనే ఐక్యత ముందుకు సాగింది.

ఆ నంద్యాలలోనే 2013 సెప్టెంబరు 30న ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషేకం పొందారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆమె తొలి మహిళా బిషప్. మెథడిస్టు పురుషుడి గురుపట్టాన్ని శంకించిన మండలం అరవై ఆరేళ్లకు ఒక స్త్రీ అధ్యక్షత కిందికి వచ్చింది.

మినియాపొలిస్, గుంటూరు

స్వలింగ సాహచర్యంలోని గురువుల ప్రశ్న తెలుగు సంఘాలకు అతి సమీపంగా వచ్చింది లూథరన్ దారిలో. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. ఆయనను పంపిన అమెరికా లూథరన్ల కృషి ఫలితంగా 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం స్వయంపాలిత సంఘంగా రూపొందింది. మాతృసంఘం వరుస విలీనాల ద్వారా 1988లో అమెరికా ఇవాంజెలికల్ లూథరన్ సంఘమైంది. (ఆ విలీనంలో పాల్గొన్న మూడు సంస్థలలో ఒకదాని పొట్టిపేరు కూడా ఎ.ఇ.ఎల్.సి.యే. గుంటూరు సంఘంతో దానికి సంబంధం లేదు. పత్రాలు తిరగేసే పరిశోధకులు జాగ్రత్త వహించాలి.)

అమెరికా సంఘం 1990లో ఆమోదించిన ప్రవర్తనా నియమాల ప్రకారం స్వలింగ అభిరుచి గురుపట్టానికి అడ్డంకి కాదు. స్వలింగ సంబంధం మాత్రం అడ్డంకి. అదే ఏడాది జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రెండు స్థానిక సంఘాలు ఈ నియమానికి తలవంచని ముగ్గురికి తమంత తామే అభిషేకం చేయించాయి. ఆ సంఘాలను మొదట సస్పెండు చేశారు, తరువాత బహిష్కరించారు. 2005 మహాసభలో మినహాయింపులకు వీలు కల్పించే ప్రతిపాదన 490–503 ఓట్లతో వీగిపోయింది. 2009 ఆగస్టులో మినియాపొలిస్ మహాసభ మానవ లైంగికతపై సామాజిక ప్రకటనను 676–338 ఓట్లతో, అంటే అవసరమైన మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు ఎక్కువ తక్కువ లేకుండా, ఆమోదించింది. రెండు రోజుల తరువాత, ఆగస్టు 21న, స్వలింగ సాహచర్యంలో ఉన్నవారికి గురుపట్ట ద్వారం తెరిచే తీర్మానం 559–451 ఓట్లతో నెగ్గింది. 2013 మే నెలలో ఆ సంఘం బహిరంగంగా స్వలింగ సాహచర్యంలో ఉన్న వ్యక్తిని తొలిసారి బిషప్పుగా ఎన్నుకొంది. నంద్యాల అభిషేకం జరిగిన సంవత్సరమే అది.

అంకెల కంటే ఆ తీర్మానాల తర్కం ముఖ్యం. బైబిలు ఈ విషయంలో ఏమంటుందన్నదానిపై సంఘం ఏకాభిప్రాయానికి రాలేదని సామాజిక ప్రకటన దాపరికం లేకుండా అంగీకరించింది. విరుద్ధ అభిప్రాయాలు గలవారు కూడా వాక్యానికి కట్టుబడిన మనస్సాక్షితోనే మాట్లాడుతున్నారని గుర్తించి, ఏ స్థానిక సంఘమూ తనకు సమ్మతం కాని గురువును పిలుచుకోనవసరం లేదని మినియాపొలిస్ సభ తేల్చింది. వర్మ్స్ సభ ముందు నిలిచిన లూథరు వాదన నుంచి ఆ భావన పుట్టిందని అమెరికన్లు వ్యాఖ్యానిస్తారు. కాని గురువు యోగ్యతపై రాజీకి అదే మనస్సాక్షిని సాధనంగా మలచిన ప్రయోగం అంతకు అరవై రెండేళ్ల ముందు దక్షిణ భారతంలో జరిగింది. 1947 ప్రతిజ్ఞకూ 2009 తీర్మానానికీ ప్రత్యక్ష సంబంధం ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. రెండింటి నిర్మాణం ఒకటేనన్నది మాత్రం స్పష్టం.

పోలికకు హద్దు కూడా ఉంది. 1947లో ప్రశ్న అభిషేక విధానానిది; ఇక్కడ ప్రశ్న గురువు జీవితానిది. వ్యతిరేకుల వాదనలో పస ఇక్కడే ఉంది. అభిషేకం ఎవరి చేతుల మీదుగా జరగాలన్నదానిపై బైబిలు మౌనంగా ఉండవచ్చు గాని, స్త్రీపురుష వివాహాన్ని సృష్టిక్రమంగా చెప్పడంలో మౌనంగా లేదని వారి వాదం. మనస్సాక్షి పేరిట ఆజ్ఞను ఐచ్ఛికం చేయడం తగదని వారి ఆక్షేపణ. మినియాపొలిస్ తరువాత అమెరికాలోనే 2010లో వేరొక లూథరన్ సంఘం ఏర్పడింది. ఇథియోపియాలోని మెకానె యేసుస్ సంఘం 2013లో అమెరికా, స్వీడన్ సంఘాలతో సంబంధాలు తెంచుకొంది. ఆంగ్లికన్ల వైపు 1998 లాంబెత్ సమావేశపు 1.10వ తీర్మానం స్వలింగ సంబంధాలలో ఉన్నవారికి గురుపట్టం ఇవ్వడాన్ని 526–70 ఓట్లతో తోసిపుచ్చింది. 45 మంది తటస్థంగా ఉన్నారు. ఆ తీర్మానమే స్వలింగ అభిరుచి గలవారి అనుభవాలను వినాలని కూడా చెప్పింది. తీర్మానాన్ని ఉదహరించేవారు తరచు ఈ రెండో భాగాన్ని వదిలేస్తారు.

పెద్దపల్లి ప్రాంతానికి సంక్రమించిన మెథడిస్టు వారసత్వం మరోదారి పట్టింది. బ్రిటిష్ మెథడిస్టు సమావేశం 1993లో డెర్బీలో వివాహేతర బ్రహ్మచర్య నియమాన్ని పునరుద్ఘాటిస్తూనే, స్వలింగ అభిరుచి గలవారి పరిచర్యను గుర్తించింది. రెండు మాటలనూ ఒకే సభ చెప్పడంతో ఇరుపక్షాలకూ తృప్తి లేకపోయింది. 2021 జూన్ 30న అదే సమావేశం స్వలింగ వివాహాలను తమ ఆలయాలలో జరపడానికి 254–46 ఓట్లతో అనుమతించింది. ఇష్టం లేని గురువును ఎవరూ నిర్బంధించరాదన్న షరతు అక్కడా ఉంది. ఈ నిర్ణయాలేవీ కరీంనగర్‌ను గాని గుంటూరును గాని కట్టడి చేయవు. స్వయంపాలన అంటే అదే. కాని పాత మిషను సంబంధాలు దస్తావేజులలో మాత్రమే మిగిలినవి కావు. వేదాంత విద్య, రాకపోకలు, భాగస్వామ్యాలు వాటిని సజీవంగా ఉంచాయి. అందుకే ప్రశ్న వద్దన్నా వస్తుంది.

మాట చాలని చోట

వచ్చిన ప్రశ్న తెలుగులో ఎలా వినిపిస్తోందన్నది భాషాసాహిత్య పరిశోధకులు పట్టించుకోవలసిన విషయం. మినియాపొలిస్ తీర్మానం గురుపట్టానికి అర్హమైన సంబంధాన్ని మూడు విశేషణాలతో నిర్వచించింది: అది సంఘం ఎదుట జవాబుదారీ వహించేది కావాలి, జీవితాంతం నిలిచేది కావాలి, ఒకే వ్యక్తికి కట్టుబడినది కావాలి. మూడింటిలోనూ బరువు బంధం మీద ఉంది. తెలుగు పత్రికలలో స్థిరపడిన ‘స్వలింగ సంపర్కం’ అన్న మాటలో బరువు క్రియ మీద ఉంది. సంపర్కానికి జీవితాంతం అన్న విశేషణం అతకదు. ఫలితంగా ‘స్వలింగ సంపర్కులకు గురుపట్టం’ అన్న శీర్షిక కింద జరిగే చర్చ, అసలు తీర్మానం ఏమన్నదో వినకముందే ముగుస్తుంది. ఈ వ్యాసంలో ‘సాహచర్యం’ అన్న పదాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే.

మూడవ విశేషణం మరింత చిక్కు. ఒక్కరికే కట్టుబడి ఉండడాన్ని చెప్పే తెలుగు మాటలన్నీ లింగాన్ని వెంటబెట్టుకొని వస్తాయి. పురుషుడికి ఏకపత్నీవ్రతం, స్త్రీకి పాతివ్రత్యం. దాంపత్యం అన్నా అంతే. ఆ మాటలోనే భార్యాభర్తలిద్దరూ ఇమిడి ఉన్నారు. ఇద్దరు పురుషుల మధ్య నిష్ఠను చెప్పాలంటే తెలుగు వక్త స్నేహాన్ని గాని, భక్తిని గాని అరువు తెచ్చుకోవలసిందే.

తెలుగు సంఘాలలో విస్తృతంగా వాడుకలో ఉన్న బైబిలు అనువాదం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయంలోని రెండు గ్రీకు పదాలకు ‘ఆడంగితనము గలవారు’, ‘పురుషసంయోగులు’ అన్న పదాలను వాడింది. రెండవది గ్రీకు సమాసానికి దాదాపు యథాతథం: ‘ఆర్సెన్’ అంటే పురుషుడు, ‘కోయిటే’ అంటే పడక. తిమోతికి రాసిన మొదటి పత్రికలోనూ అదే మాట. 1946 నాటి ఇంగ్లీషు సవరణ అనువాదం ఆ రెండు పదాలనూ కలిపి ఆధునిక వైద్యపరిభాషలోని ఒకే మాటగా మార్చింది. తరువాతి ముద్రణలో దానిని మళ్లీ మార్చవలసి వచ్చింది. తెలుగు అనువాదం అలా కలపలేదు. ఆ మేరకు అది మూలానికి దగ్గరగా ఉంది. కాని ‘ఆడంగితనం’ మరో ఇబ్బంది తెచ్చింది. మెత్తదనాన్ని సూచించే గ్రీకు పదానికి వాడిన ఆ మాట నడకను, వేషాన్ని, హావభావాలను తాకుతుంది. ప్రసంగ వేదిక మీద అది హిజ్రాలను, స్వలింగ అభిరుచి గలవారిని, కేవలం మృదుస్వభావులైన పురుషులను ఒకే గాటన కడుతుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపుపై ఇచ్చిన తీర్పునూ, 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షన్‌పై ఇచ్చిన తీర్పునూ ఒకే విషయంగా భావించే అలవాటుకు ఈ పదజాలం కూడా కొంత దోహదం చేసి ఉంటుంది.

గురువు అర్హతను చెప్పే చోట అదే అనువాదం ‘ఏకపత్నీపురుషుడు’ అంటుంది. అధ్యక్షుడికి, అంటే బిషప్పుకు, ఉండవలసిన లక్షణం అది. అక్షరార్థం పట్టుకొంటే ఆ మాట అవివాహితుడిని, స్త్రీని కూడా మినహాయిస్తుంది. 2013లో నంద్యాలలో అభిషేకం జరిపిన సంఘం ఆ మాటను లింగనియమంగా కాక నిష్ఠానియమంగా చదివిందన్నమాట. ఆ పఠనం స్త్రీల దగ్గర ఆగాలా, ముందుకు సాగవచ్చునా అన్నది వేదాంతులు తేల్చవలసిన విషయం. ఒకసారి అలా చదివిన సంఘం మాత్రం, అక్షరార్థం తప్ప మరో పఠనమే లేదని ఇకపై వాదించలేదు.

అయ్యగారి ఇల్లు

తెలుగు సంఘాలలో గురువు జీవితం అతడి సొంత వ్యవహారం కాదు. అజరయ్య కాలంలో డోర్నకల్ వేదాంత పాఠశాలకు విద్యార్థులు భార్యాబిడ్డలతో వచ్చేవారు. భర్తలతోపాటు భార్యలకూ శిక్షణ ఉండేది. అయ్యగారు, అమ్మగారు అన్న జంట సంబోధన ఆ పద్ధతికి అద్దం పడుతుంది. స్త్రీల సహవాసాన్ని నడిపేది, ఇంటింటికీ తిరిగి రోగులను పలకరించేది, పండుగనాడు ఊరందరికీ గుమ్మం తెరిచేది అమ్మగారు. ఆమెకు గురుపట్టం లేదు, జీతం లేదు. పదవి మాత్రం ఉంది. కనుక స్వలింగ సాహచర్యంలోని గురువు అన్న ఊహ తెలుగు సంఘ సభ్యుడిని కలవరపెట్టేది పడకగది గురించి మాత్రమే కాదు. అమ్మగారి కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న అంతకంటే ముందు వస్తుంది. పాశ్చాత్య సంఘాల చర్చలో ఈ ప్రశ్నకు ఇంత బరువు లేదు. ఇక్కడి చర్చ నిజంగా మొదలైతే అది మొదలయ్యేది ఈ కుర్చీ దగ్గరే.

రెండవ ప్రత్యేకత చట్టానిది. 377వ సెక్షన్‌ను వలసపాలన 1860లో తెచ్చింది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు దాని పరిధిని కుదించినప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఉత్కళ క్రైస్తవ కౌన్సిల్, అపొస్తలిక్ చర్చెస్ అలయన్స్ వంటి క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. 2013 డిసెంబరు 11న గెలిచిన ఆ వాదం 2018లో ఓడింది. స్వలింగ సంబంధాలు పాశ్చాత్య దిగుమతి అన్న వాదనను వలసపాలకుడి శిక్షాస్మృతిని ఆసరాగా చేసుకొని వినిపించడంలోని వైరుధ్యం ఆ సంస్థలను పెద్దగా బాధించినట్లు కనిపించదు.

నేరం కాకపోవడం వేరు, వివాహం కావడం వేరు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహ హక్కును గుర్తించడానికి నిరాకరించి, నిర్ణయాన్ని శాసనసభలకు వదిలింది. 2009లో మినియాపొలిస్ సభ కూర్చున్ననాడు మిన్నెసోటా రాష్ట్రంలో కూడా స్వలింగ వివాహం చట్టబద్ధం కాదు; 2013లో గాని కాలేదు. వివాహం అనలేకనే ఆ తీర్మానం ‘సంఘం ఎదుట జవాబుదారీ’ అన్న మాట వెతుక్కొంది. రాజ్యం గుర్తించని బంధానికి సంఘమే సాక్షిగా నిలుస్తుందని దాని భావం. ఆ విధంగా చూస్తే నేటి తెలంగాణ న్యాయస్థితి నేటి అమెరికా కంటే 2009 నాటి మినియాపొలిస్‌కు దగ్గరగా ఉంది.

అయితే ఇక్కడి గురువు ఒకేసారి సంఘసేవకుడు, వివాహ విషయంలో రాజ్యం అనుమతి పొందిన అధికారి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కిందనే అతడు పెండ్లి జరిపి రిజిస్టరులో నమోదు చేస్తాడు. ఆ చట్టపు 60వ సెక్షన్ పురుషుడి వయస్సును ఒక షరతుగా, స్త్రీ వయస్సును మరో షరతుగా పేర్కొంటుంది. గోదావరిఖనిలో గని కార్మికుడి భార్య కంపెనీ దస్త్రాలలో డిపెండెంటుగా చేరాలన్నా, క్వార్టరులో, వైద్యంలో, భర్త మరణానంతర ఉద్యోగంలో హక్కు అడగాలన్నా మొదట చూపేది పెండ్లి రుజువునే. అయ్యగారు సంతకం చేసే రిజిస్టరులో వరుడికొక గడి, వధువుకొక గడి ఉంటాయి.